ఇంకో పట్టీ ఎక్కిస్తే సరిపోద్దా?

పాత అంబాసిడర్ వెనక భాగం కుంగిపోయిందని ఎవరితోనైనా అని చూడండి. మెకానిక్కు, పక్కింటి అంకులు, పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్న ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి... ఎవరైనా సరే, సమాధానం ఒక్కటే. "ఏముంది బాబూ, కమాన్ కట్టలో ఇంకో పట్టీ ఎక్కించెయ్, సరిపోద్ది."

సరిపోదు. ఈ టపా మొత్తం ఆ ఒక్క మాట చెప్పడానికే. ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేసి తమ పనులు చూసుకోవచ్చు. ఇంట్లో పాత అంబాసిడరో, ప్రీమియర్ పద్మినీయో ఉన్నవాళ్ళు మాత్రం కాస్త కూర్చోండి. ఎందుకంటే ఈ "ఇంకో పట్టీ" సలహా నమ్మి మా అమ్మానాన్నల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రోడ్డు మీదకెళ్ళినవాణ్ణి నేను.

ముందు నా అర్హతలు చెప్పుకోవాలి కదా. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. చదివిన మర్నాటి నుంచి సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నాను. నా బోటివాళ్ళు ఈ రాష్ట్రాల్లో వీధికి పదిమంది ఉంటారు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ పరీక్షలో లీఫ్ స్ప్రింగు లెక్క తప్పు లేకుండా చేసి మార్కులు తెచ్చుకున్నాను. అదే లీఫ్ స్ప్రింగు మా ఇంటి కారు కింద ఇరవయ్యేళ్ళుగా నా కళ్ళముందే వేలాడుతూ ఉంటే, దానికీ ఆ లెక్కకీ సంబంధం ఉందని మాత్రం నాకు తట్టలేదు. మన చదువుల గొప్పదనం గురించి మరోసారి తిట్టుకుందాం.

ఇక కారు సంగతి. 1974 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. తాతయ్య కొన్నది. తణుకులో మా ఇంటి ముందు చెట్టు కింద ఉంటుంది. 2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 50 ఏళ్ళు దాటిన బళ్ళకి "వింటేజ్" హోదా ఇచ్చింది కదా. 2024లో మా కారుకి 50 నిండగానే నాన్న చేసిన హడావుడి ఇంతా అంతా కాదు. "వీఏ" అక్షరాలున్న నంబరు ప్లేటు వేయిస్తానంటారు. దానికి 20,000 రూపాయలు కట్టాలన్నా, ఆ తర్వాత రోజువారీ అవసరాలకి బండి తియ్యకూడదన్నా వినరు. అమ్మకి ఈ రెండో ముక్క తెలిశాక ఆ ఫైలు ముందుకి కదల్లేదనుకోండి, అది వేరే కథ :-)

సదరు వింటేజ్ కారు వెనక్కి కూలబడి, ముక్కు పైకెత్తి, నీళ్ళల్లోకి దిగబోతున్న గేదెలా నిలబడేది. కారణాలు వెతకనక్కర్లేదు. బియ్యం బస్తాలు, పెళ్ళి సామాన్లు, డిక్కీలో పెట్టించిన గ్యాసు ట్యాంకు, ముగ్గురు కూర్చోవాల్సిన వెనక సీట్లో ఐదుగురు. యాభై ఏళ్ళు మోసింది పాపం. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా "డబ్" మని కిందనించి శబ్దం. యాక్సిల్ పైకొచ్చి బాడీ కింది రబ్బరు దిమ్మెకి కొట్టుకునే శబ్దం అది.

ఒక షెడ్డుకి తీసుకెళ్ళాం. ఎక్కడన్నది అనవసరం, ఏ ఊళ్ళో అయినా అదే జరిగేది. పొద్దున ఇచ్చాం, సాయంత్రానికల్లా తయారు. ఏదో లారీ కమాను నుంచి గ్యాస్ కట్టర్‌తో కోసిన మందపాటి పట్టీ ఒకటి రెండువైపులా ఎక్కించారు. కారు వెనక్కాళ్ళ మీద లేచి నిలబడింది. నాన్న మొహం వెలిగిపోయింది. నేను కూడా "అబ్బ, ఎంత తేలిక" అనుకున్నాను. ఒప్పుకుంటున్నాను, అప్పుడు ఆ పనికి డబ్బులిచ్చింది నేనే.

వారం తిరక్కుండా నాన్న నడుం పట్టుకున్నారు. "రోడ్లు పాడైపోయాయిరా" అన్నారు. రోడ్లు అవే. బండే మారింది.

ఎనిమిది నెలల తర్వాత చిన్న తిరుపతి బయల్దేరాం. భీమడోలు దగ్గర మెయిన్ రోడ్డు వదిలి గుడివైపు తిరిగాక, ఒక ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగుతుండగా వెనకనించి తుపాకీ పేలినట్టు శబ్దం. కారు ఒక పక్కకి లాగేసింది. స్టీరింగు నా చేతిలోనే ఉంది, చక్రాలు ముందువి తిన్నగానే ఉన్నాయి, బండి మాత్రం పీతలా పక్కకి నడుస్తోంది. టైరు కాలుతున్న వాసన. దిగి చూస్తే కుడివైపు వెనక చక్రం తన చోట లేదు. వెనక్కి జరిగి, మడ్‌గార్డుని ఒరుసుకుంటోంది. స్పీడు 20 కూడా లేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. అదే అంతకు అరగంట ముందు, హైవే మీద 70లో వెళ్తున్నప్పుడు జరిగుంటే? ఆ ప్రశ్న అమ్మ అడగలేదు. నేనూ పైకి అనలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

కమాన్ కట్ట అంటే కుదుపు తగ్గించే సామాను మాత్రమే అని మనలో చాలామంది అనుకుంటాం. అంబాసిడర్ లాంటి బళ్ళలో దానికి ఇంకో ఉద్యోగం ఉంది. వెనక యాక్సిల్‌ని తన చోట పట్టుకుని ఉంచేది అదే. వేరే రాడ్లూ, ఆర్ములూ ఏమీ లేవు. ఇంజను చక్రాన్ని తిప్పినప్పుడు బండిని ముందుకి తోసే బలం ఈ పట్టీల గుండానే బాడీకి చేరుతుంది. బ్రేకు వేస్తే ఆపే బలమూ అటునించే. కట్టలో అన్నిటికన్నా పైనున్న మెయిన్ పట్టీ రెండు కొసలా గుండ్రంగా చుట్టి ఉంటుంది, కన్ను అంటారు. ముందు కన్ను బాడీకి బిగించి ఉంటుంది. వెనక కన్ను షాకిల్ అనే ఊగే లంకె మీద ఉంటుంది, పట్టీ వంగినప్పుడు పొడవు సర్దుకోవడానికి. ముందు కన్నుకీ యాక్సిల్‌కీ మధ్య మెయిన్ పట్టీ విరిగిందా, ఆ పక్క చక్రానికి ఇక దిక్కులేదు. మాకు జరిగింది అదే.

అంటే ఇదేదో సుఖం, సౌఖ్యం వ్యవహారం కాదు. బ్రేకుల గురించి ఎంత జాగ్రత్తగా ఆలోచిస్తామో అంత జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. బ్రేకు షూ అరిగిపోతే ఎవరూ "దాని మీద ఇంకో ముక్క అతికించెయ్" అనరు కదా? మరి కమానుకి ఎందుకంటారు?

ఎందుకంటే జబ్బేమిటో ఎవరూ అడగలేదు కాబట్టి. "కమాన్లు బలం తగ్గిపోయాయి" అంటాం. నిజానికి వాటి బలం తగ్గలేదు! ఇది కొంచెం వింతగా అనిపిస్తుంది గానీ నిజం. ఉక్కు ఎంత బరువుకి ఎంత వంగుతుందన్నది దాని స్వభావం. యాభై ఏళ్ళు వాడినా, కాల్చినా, చల్లార్చినా ఆ స్వభావం దాదాపు మారదు. తుప్పు పట్టి, ఒరుసుకుని పట్టీ పల్చబడితే తప్ప, కుంగిన కమాను కొత్తదానంత బిరుసుగానే ఉంటుంది. పోయింది బిరుసు కాదు, ఒంపు. బరువు లేనప్పుడు విల్లులా ఉండాల్సిన పట్టీ, మళ్ళీ మళ్ళీ హద్దు దాటి వంగీ వంగీ, కొంచెం కొంచెంగా తిన్నబడిపోయింది. అంతే.

పోయింది ఒంపు. మనం ఎక్కిస్తున్నది బిరుసు. పంటినొప్పికి చెవిలో మందు పోసినట్టు.

లెక్క చూద్దాం. భయపడకండి, ఐదో తరగతి లెక్కే. అంకెలు అర్థమవడం కోసం గుండ్రంగా తీసుకుంటున్నాను, మీ బండి అంకెలు వేరే ఉంటాయి. ఒక్కో కట్ట మీద 300 కిలోల బరువు. కట్టలో 6 మిల్లీమీటర్ల మందం పట్టీలు 6. ప్రతి 2.5 కిలోలకి 1 మిల్లీమీటరు చొప్పున వంగుతుంది. అంటే ఖాళీ బండి నిలబడినప్పుడు 120 మిల్లీమీటర్లు వంగి ఉంటుంది. ఇప్పుడు ఒంపు పోయి బండి 50 మిల్లీమీటర్లు కుంగింది.

అదే మందంలో, అదే ఒంపులో ఏడో పట్టీ ఎక్కించారనుకోండి. బిరుసు ఆరింట ఒక వంతు పెరుగుతుంది. వంగుడు 120 నుంచి 103కి దిగుతుంది. బండి లేచింది ఎంత? 17 మిల్లీమీటర్లు. మనకి కావల్సింది 50! షెడ్డులో వాళ్ళకి ఈ లెక్క తెలియకపోవచ్చు గానీ, పల్చటి పట్టీతో పని జరగదని అనుభవం మీద తెలుసు. అందుకే లారీ పట్టీ వెతుకుతారు.

లారీ పట్టీ 10 మిల్లీమీటర్లు అనుకుందాం. "6కి బదులు 10, ఒకటిన్నర రెట్లు కాస్త ఎక్కువ, ఏం కొంప మునిగింది" అనిపిస్తుంది. ఇక్కడే ఉంది మెలిక. పట్టీ బిరుసు మందాన్ని బట్టి పెరగదు, మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం రెట్టింపైతే బిరుసు ఎనిమిది రెట్లు. 10 మిల్లీమీటర్ల ఒక్క పట్టీ, 6 మిల్లీమీటర్ల పట్టీలు నాలుగున్నర పైచిలుకుతో సమానం. అంటే ఆరు పట్టీల కట్ట కాస్తా ఒక్క దెబ్బతో పదిన్నర పట్టీల కట్ట అయి కూర్చుంది. బిరుసు 77 శాతం పెరిగింది. వంగుడు 68కి దిగింది. బండి 52 మిల్లీమీటర్లు లేచింది. భలే, మేస్త్రి చెప్పినట్టే అయింది!

కానీ దానికి ఏం చెల్లించాం? ఇంతకుముందు వెనక భాగం నిమిషానికి సుమారు 86 సార్లు ఊగే బండి, ఇప్పుడు 115 సార్లు ఊగుతుంది. నాన్న నడుం నొప్పి అదే. షాక్ అబ్సార్బర్లు పాత ఊపుని ఆపడానికి చేసినవి, కొత్త ఊపు వాటికి లొంగదు. గోతిలో పడ్డ ప్రతిసారీ పాతదానికన్నా గట్టి దెబ్బ బాడీ మీద పడుతుంది. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ ఉండదని గుర్తుంచుకోండి, బాడీయే అన్నీ. కమాను తగిలించిన చోట యాభై ఏళ్ళ రేకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అంతకన్నా ఘోరం ఇంకోటుంది. మందపాటి పట్టీ గట్టిదని, కట్టని కాపాడుతుందని మనం అనుకుంటాం. కట్టలోని పట్టీలన్నీ ఒకే మేరకి వంగినప్పుడు, ఎక్కువ ఒత్తిడి పడేది మందపాటిదాని మీదే. 10 మిల్లీమీటర్లదాని మీద 6 దానికన్నా 67 శాతం ఎక్కువ. పల్చటి కార్డు వంచితే వంగుతుంది, మందపాటి అట్ట వంచితే విరుగుతుంది, అదే సూత్రం. కొన్నాళ్ళకి అది విరుగుతుంది. లేదూ, దాని కొస ఎక్కడ ఆగిందో అక్కడినుంచి మిగతా పల్చటి పట్టీలు ఒంటరిగా వంగాల్సొచ్చి అవి విరుగుతాయి. కంపెనీ కట్టలో పట్టీలు మెట్లు మెట్లుగా పొడవు తగ్గుతూ రావడం అందం కోసం కాదు, ఒంపు అంతటా సమానంగా పంచడం కోసం. మధ్యలో గడ్డపారలాంటి పట్టీ దూర్చితే ఆ పంపకం చెడిపోయింది. మాది విరిగింది సరిగ్గా అక్కడే, లారీ పట్టీ కొస దాటిన వెంటనే. విరిగిన చోట సగం తుప్పు రంగు, సగం వెండిలా మెరుస్తోంది. అంటే పగులు ఆ రోజుది కాదు. ఎప్పుడో మొదలై, రోజూ కాస్త కాస్త పాకి, చివరికి చిన్న తిరుపతి దారిలో తెగింది.

దీన్ని నేను వెంటనే గుర్తుపట్టాల్సింది. మా ఆఫీసులో రోజూ చేసే పనే కదా! ప్రోగ్రాం ఎక్కడో తప్పు లెక్క ఇస్తుంది. ఎందుకిస్తోందో చూసే తీరిక ఉండదు. చివర్లో ఒక "ఇఫ్" పెట్టి, జవాబు సరిచేసి పంపేస్తాం. స్క్రీను మీద అంకె బాగానే ఉంటుంది. కారు ఎత్తు కూడా బాగానే ఉంది!

ఇప్పుడు ఈ మాటలు చెబితే నాకు ఎదురైన జవాబులూ, వాటికి నా జవాబులూ.

"లారీలకి హెల్పర్ కమాన్లు వేస్తారుగా, వాళ్ళకి తెలీదా?" తెలుసు, వాళ్ళకే బాగా తెలుసు. లారీలో పైనుండే హెల్పర్ కట్ట ఖాళీ బండికి పనిచెయ్యదు. లోడు పడి, కింది కట్ట కొంత వంగాక మాత్రమే దాని కొసలు ఆని, అప్పుడు బరువు అందుకుంటుంది. అది డిజైను. మనం చేసేది అది కాదు.

"కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో ఒంపు పెట్టిస్తే?" ఇది కొంచెం నయం, ఎందుకంటే కనీసం జబ్బు కనిపెట్టారు. కానీ కమాను ఉక్కుకి ఆ గుణం ఊరికే రాలేదు. సుమారు 850 నుంచి 900 డిగ్రీల దాకా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచి, మళ్ళీ 400, 500 డిగ్రీల మధ్య వేడిచేసి పెళుసుదనం తగ్గించి తెచ్చిన గుణం అది. టెంపర్ అంటే అదే. దాన్ని బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, గాలికి వదిలేస్తే మెత్తబడుతుంది. ఆరు నెలల్లో మళ్ళీ కుంగుతుంది. నీళ్ళలో ముంచేస్తే గాజు ముక్క అవుతుంది. కాల్చినవాడు మళ్ళీ నూనె, మళ్ళీ టెంపర్ పద్ధతిగా చెయ్యగలిగితే చేయించండి, ఆ పట్టీల్లో పగుళ్ళు లేకపోతేనే. చెయ్యలేకపోతే వద్దు. ఇక గ్యాస్ మంటతో కారు కిందే వేడి చేసి లేపుతానన్నవాడి దగ్గరనుంచి పారిపోండి.

"ఆ కాలం ఇనుము బాబూ, ఈ రోజుల్లో అలాంటిది వస్తుందా?" ఈ మాట వింటే నాకు ఎక్కడో కాలుతుంది. వస్తుంది. సిలికో మాంగనీసు ఉక్కు పట్టీలు ఈ రోజుకీ లారీలకి వేస్తున్నారు. పైపెచ్చు ఆ కాలం ఇనుమైనా యాభై ఏళ్ళలో ఎన్ని లక్షలసార్లు వంగిందో అది లెక్క పెట్టుకునే ఉంటుంది. పాతది బంగారం అన్నది పాటలకీ, పచ్చళ్ళకీ వర్తిస్తుంది. లోహానికి అలుపుంది.

"హిందుస్తాన్ మోటార్స్ 2014లోనే అంబాసిడర్ ఆపేసింది, కొత్త కమాన్లు ఎక్కణ్ణించి తెస్తావ్?" ఇది మాత్రం నిజమైన ప్రశ్న. కానీ ఆలోచించండి. కారులో మళ్ళీ తయారు చేయించుకోవడానికి అన్నిటికన్నా తేలికైన సామాను ఏదైనా ఉంటే అది కమాన్ కట్టే. మూసలు అక్కర్లేదు, అచ్చులు అక్కర్లేదు. పలక పట్టీలు, రెండు కళ్ళు, ఒక సెంటర్ బోల్టు. కొలతలిస్తే చేసిపెట్టే చోట్లు ఉన్నాయి. మనకి విజయవాడ ఆటోనగర్ ఉంది. కావల్సింది ఒక్క కొలతల కాగితం. ఆ కాగితం రాసే ఓపిక మనకి లేకపోతే దానికి హిందుస్తాన్ మోటార్స్ ఏం చేస్తుంది?

నేను విరిగిన పట్టీ పట్టుకుని ఆటోనగర్‌లో తిరిగినప్పుడు నాలుగో కొట్టులో ఒక పెద్దాయన దొరికారు. పట్టీ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవరు దూర్చారు బాబూ?" అన్నారు. చెప్పాను. "మేస్త్రి గారూ, మీరైతే ఏం చేస్తారు?" అని అడిగాను. "పట్టీ ఎక్కిస్తే గంటలో నాకు డబ్బులొస్తాయి, నడుం మీ నాన్నగారిది పోద్ది. మూడు రోజులాగుతానంటే చెప్పు, కొత్త కట్టలు చేస్తాను" అన్నారు. ఆగాను.

ఆ మూడు రోజుల్లో నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

పని మొదలెట్టేముందు సమతలంగా ఉన్న చోట ఖాళీ బండి నిలబెట్టి, చక్రం మధ్య నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. ఇది లేకుండా "కుంగింది", "లేచింది" అన్న మాటలకి అర్థం లేదు. వెనక ఎంత లేవాలో తేలితే, కొత్త కట్ట ఒంపు పాతదానికన్నా దాదాపు అంతే పెంచాలి. 50 మిల్లీమీటర్లు లేవాలంటే 50 మిల్లీమీటర్ల ఒంపు. యాక్సిల్ నేరుగా కట్ట మీదే కూర్చుంటుంది కాబట్టి లెక్క ఇంత సుళువు. పట్టీల మందం, వెడల్పు, సంఖ్య మాత్రం కంపెనీవే ఉంచాలి. అక్కడ తెలివితేటలు వద్దు.

సెంటర్ బోల్టు సరిగ్గా మధ్యలోనే ఉంటుందనుకోకండి. ముందు కన్ను నుంచి ఎంత, వెనక కన్ను నుంచి ఎంత, విడివిడిగా కొలవండి. అది తప్పితే యాక్సిల్ చోటు తప్పినట్టే.

మార్చితే రెండువైపులా మార్చండి. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు పాతది వేస్తే బండి జీవితాంతం ఒక భుజం ఎగరేసే నడుస్తుంది. కన్నుల్లో రబ్బరు బుష్‌లు, షాకిల్ పిన్నులు, యూ బోల్టులు అన్నీ కొత్తవే. యూ బోల్టులు పైకి బాగానే కనిపిస్తాయి, కానీ ఒకసారి సాగినవాటిని మళ్ళీ బిగిస్తే పట్టు నిలవదు. పట్టీలు విప్పాక, కమాను తగిలించే చోట బాడీ రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగిందంటే ముందు ఆ రేకు పని, తర్వాతే కమాను.

కారు కిందకి దూరేటప్పుడు జాకీని నమ్మి దూరొద్దు. బాడీ కింద గట్టి స్టాండులు పెట్టి, యాక్సిల్ కింద వేరే జాకీ. ఒంపున్న కట్ట సెంటర్ బోల్టు ఊరికే విప్పెయ్యకండి, ముందు క్లాంపుతో పట్టి ఉంచండి, లేకపోతే పట్టీలు విడిపోయి మొహం మీదకొస్తాయి. చివరిగా, రబ్బరు బుష్‌ల బోల్టులు బండి కిందకి దింపి, చక్రాల మీద బరువు పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. ఈ చివరి పని ఎవరూ చెయ్యరు. నేనూ నాన్న రెండుసార్లు గుర్తు చేస్తే చేశాను.

ఇప్పుడు నా అసలు కోపం ఎవరి మీదో చెప్తాను. మొదటి షెడ్డు మేస్త్రి మీద కాదు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగంమంది బండి తిరిగితేనే పొయ్యి వెలిగేవాళ్ళు. అద్దెకి తిప్పుకునే మనిషికి మూడు రోజులు బండి ఆగితే ఇల్లు గడవదు. అతనికి "సాయంత్రానికి తయారు" అన్నదే న్యాయమైన పని. ఆ బండికి ఆ అవసరంలో ఆ వైద్యం పుట్టింది. అతన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

నా కోపం మన మీద. మనకి బండి అవసరం కాదు, ముద్దు. చెట్టు కింద నెలల తరబడి ఉంచగలం, మూడు రోజులు షెడ్డులో ఉంచలేమా? మనలాంటివాళ్ళు వెళ్ళి "సాయంత్రానికి ఇచ్చెయ్యి మేస్త్రీ" అని అడిగితే ఆయన సాయంత్రం పనే చేస్తాడు. పాత కార్ల ముచ్చట ఉన్నవాళ్ళు బంపర్ల క్రోమియం పూతకీ, రెండు రంగుల పెయింటుకీ, సీటు కవర్లకీ వేలకి వేలు పోస్తారు. ఫొటోలో పడేవన్నీ అవే కదా! కారు కింద ఏముందో ఫొటోలో పడదు. అక్కడ మాత్రం గ్యాస్ కట్టర్‌తో కోసిన లారీ ముక్క. ఆపైన దాన్ని "వారసత్వం కాపాడుతున్నాం" అంటాం. ఆ కారు మా తాతయ్య ఎలా తోలారో అలా నడుస్తున్నప్పుడు కదా ఏదైనా కాపాడినట్టు! వింటేజ్ నిబంధన పట్టించుకునేది ఛాసిస్, బాడీ షెల్, ఇంజను మార్చారా లేదా అని. కమాన్ కట్టలో ఏం దూర్చారో మనం చూసుకోవాల్సిందే.

కొత్త కట్టలు వేశాక మా కారు వెనక 48 మిల్లీమీటర్లు లేచింది. రెండువైపులకీ తేడా 3. మేస్త్రి గారు "వారంలో కాస్త దిగుద్ది, కంగారు పడకు" అన్నారు, కాస్త దిగింది. అవే రోడ్ల మీద ఆగిపోయిన చిన్న తిరుపతి ప్రయాణం మళ్ళీ పెట్టుకున్నాం. అదే ఊళ్ళో అదే స్పీడ్ బ్రేకర్ దగ్గర అమ్మ ముందు సీటు పట్టుకుని కళ్ళు మూసుకుంది. బండి మెత్తగా ఎక్కి, మెత్తగా దిగింది. నాన్న అయితే వెనక సీట్లో నిద్రపోతున్నారు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఇంట్లో పాత బండి ఉంటే ఈ ఆదివారం టేపు పట్టుకుని ఒక్కసారి కొలవండి. కిందకి తొంగి చూసి పట్టీలు లెక్కపెట్టండి. మిగతావాటికన్నా మందంగా, కొస మొండిగా ఉన్న పట్టీ ఒకటి కనిపిస్తే, అది మీ బండిది కాదు. దాన్ని తీయించేదాకా హైవే ఎక్కకండి. ఎవరైనా "ఇంకో పట్టీ ఎక్కిస్తే సరిపోద్ది" అంటే పై లెక్క చూపించండి. వాళ్ళు తిడితే నన్ను తిట్టమనండి, పడతాను.